వారానికి రెండు సాయంత్రాల స్టేషను

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే తల నెరవాలని మనవాళ్లలో ఒక నమ్మకం. నాకు నెరిసినవి చెవుల దగ్గర నాలుగు వెంట్రుకలు. అయినా ప్రభుత్వ వైర్‌లెస్ శాఖ నుంచి నేను రిటైరై అప్పుడే కొన్నేళ్లయింది. ముప్పై నిండకుండా రిటైరవడం ఎలాగని ఆశ్చర్యపోకండి. రాజీనామా అనే మాట మా అమ్మకు గిట్టదు. అడిగినవాళ్లందరికీ "మావోడు రిటైరైపోనాడు" అనే చెబుతుంది. ఇప్పుడు మలయ్ దేశపు రాజధానిలో, బ్రిక్‌ఫీల్డ్స్‌లో రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాను. కాబట్టి నేను మాజీ ఉద్యోగిని, వృద్ధుణ్ణి, మీకు బుద్ధులు చెప్పదగినవాణ్ణి.

ఈమధ్య కొట్టుకు వచ్చే కుర్రాళ్లు తరచూ ఒకటే అడుగుతున్నారు. గ్రామఫోన్ పాటను తీగ లేకుండా ఇంట్లో రేడియోకి పంపే చిన్న పెట్టె ఒకటి ఉంటుందట గదా, అది పెట్టుకుంటే పోలీసులు వస్తారా అని. పై దేశాల్లో ఎఫ్.ఎం. అనే కొత్తరకం తరంగాల మీద పాడే పెట్టెలు కూడా వస్తున్నాయట. సమాధానం చిన్నదే. పాట మీ ఇంటి హద్దు దాటకపోతే అది మీ సంగీతం, దాటితే అది స్టేషను. స్టేషనుకు లైసెన్సు కావాలి. ఇంతే చెప్పి పంపేయవచ్చు. కానీ ఆ హద్దు ఎక్కడుందో తేలేలోపు ఒక మనిషిని ఓడ ఎక్కించేయబోయారు. అందుకని కాస్త పొడుగ్గానే చెబుతాను.

మెర్డెకాకు, అంటే ఈ దేశపు స్వాతంత్ర్యానికి, కొన్ని నెలల ముందు సంగతి. అడవిలోని కమ్యూనిస్టుల మీద దొరలు పెట్టిన ఎమర్జెన్సీ ఇంకా నడుస్తోంది. బాగన్ దాతుక్ వైపు ఒక కొబ్బరి ఎస్టేటులో కూలీల లైన్లన్నిటినీ, అంటే వరస ఇళ్లన్నిటినీ, ఒకచోటికి చేర్చి, చుట్టూ ముళ్ల తీగ కంచె వేసి, ఒక్క గేటు పెట్టి, గేటు పక్కన పోలీసు పోస్టు కట్టారు. పొద్దున పనికి వెళ్లేవాళ్లు అన్నం డబ్బా మూత తీసి చూపించాలి, అడవిలో ఉన్నవాళ్లకు తిండి చేరకుండా. చీకటి పడితే ఎవరి గుమ్మంలో వాళ్లు ఉండాలి. అందరికీ అలవాటైపోయింది. అలవాటు కానిది పోలీసు పోస్టులో రేడియో ఒక్కటే. వారానికి రెండు సాయంత్రాలు అది తనంతట తాను పాడేది.

అంటే ముల్లు ఏ స్టేషనూ లేని చోట పెట్టినా పాట వచ్చేది. మలయ్ కాదు, చైనా భాష కాదు, తమిళం కాదు. ఒక ఆడగొంతు. అప్పుడప్పుడు ఒకే ముక్క మళ్లీ మళ్లీ పాడి, ఠక్కున ముందుకు దూకేది. ఆ ప్రాంతం చూసే పోలీసు దొర, కొత్తగా దొరల సీమ నుంచి వచ్చిన యువకుడు, ఇదంతా విని ఒక నిర్ణయానికొచ్చాడు. నియమిత దినాలు, తెలియని భాష, పదేపదే పలికే మాట. అంటే సంకేతం. అడవిలో వాళ్లకు రేడియో ఉంది.

ఈపో పట్నంలో మా ఆఫీసుకు కబురొచ్చింది. నన్ను పిలిచినవాడు మా ఇన్‌స్పెక్టరు. జాఫ్నా తమిళుడు. డ్యూటీలో నవ్వకూడదని ఆయన నియమం; డ్యూటీ ఉదయం పళ్లు తోముకున్నప్పటి నుంచి మొదలయ్యేది. మాతో తమిళంలో మాట్లాడేవాడు, నేను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మూడో మనిషి వ్యాన్ డ్రైవరు, పెద్ద వయసు మలయ్ మనిషి. అందరం ఆయన్ని పాక్‌చిక్ అనేవాళ్లం, బాబాయి అన్నట్టు.

ఆ సాయంత్రం ఎస్టేటు బయట వ్యాన్ ఆపి రిసీవరు పెట్టగానే పాట అందుకుంది. నేను ఒక చరణం విని, "సర్, ఇది తెలుగు," అన్నాను.

"సంకేతం ఏమిటి?" అన్నాడు పోలీసు దొర.

"తోటలో పువ్వులు పూశాయంటోంది సర్."

ఆయన నోట్‌బుక్ తీశాడు. అంతలో పాట ఒకచోట ఆగి, పూశాయి పూశాయి పూశాయి అని పట్టుకుంది. దొర నా వైపు వేలు చూపించాడు. అదిగో అన్నట్టు.

"గ్రామఫోన్ ప్లేటు అరిగింది సర్. సూది ఒకే గాడిలో తిరుగుతోంది."

ఆయన రాసుకోలేదు. అంత మంచి సంకేతాన్ని అరిగిపోయిన ప్లేటుకు వదులుకోవడం ఎవరికైనా కష్టమే.

మా వ్యాన్ నెత్తిన గుండ్రటి ఏరియల్ ఒకటి ఉండేది. దాన్ని తిప్పితే పాట ఏ దిక్కు నుంచి వస్తోందో తెలుస్తుంది. రెండు చోట్ల నుంచి దిక్కు చూసి మ్యాపు మీద గీతలు గీస్తే, అవి కలిసినచోట దొంగ ఉంటాడు. ఇది శాస్త్రం. గేటు దగ్గర చూశాం, పాట ఎదురుగా కంచెలోంచి వస్తోంది. తూర్పు వైపు తిరిగి వెళ్లి చూశాం, అక్కడా ఎదురుగా కంచెలోంచే. వెనక కాలువ వైపు వెళ్లాం. అక్కడా అంతే. ఎక్కడ ఆగితే అక్కడ, ఏ కంచె దగ్గరగా ఉంటే ఆ కంచె పాడుతోంది.

"వాడు కదులుతున్నాడు," అన్నాడు దొర మెల్లగా. "పెట్టె వీపున మోసుకుని, కంచె వెంబడి, మనతో పాటు."

"అయితే మర్యాదస్తుడే సర్," అన్నాను. "మనం టీ తాగడానికి ఆగినప్పుడు వాడూ ఆగాడు. గ్రామఫోన్ కూడా మోస్తున్నాడు, పాపం. సూది జారకుండా నడుస్తున్నాడు."

మా ఇన్‌స్పెక్టరు నా కాలు తొక్కాడు. తొక్కి, మ్యాపు వైపు చూస్తూ ఉండిపోయాడు. కలవని గీతలంటే ఆయనకు పంటినొప్పి లాంటివి.

దొర వెళ్లబోతూ ఒక మాట అన్నాడు. "ఎవరైనా సరే, దొరికిన రోజున నాకు కోర్టు కూడా అక్కర్లేదు. ఇక్కడ పుట్టినవాడైతే జైలు. కాకపోతే ఇండియా ఓడ."

అది జోకు కాదు. ఆ రోజుల్లో ఎస్టేటుల్లో పిల్లలు అన్నం తినకపోతే బూచాడు వస్తాడని ఎవరూ అనేవాళ్లు కాదు. ఓడెక్కించేస్తారని అనేవాళ్లు.

తరవాతి పాట సాయంత్రానికి నన్ను లోపలికి పంపారు. రేడియో లైసెన్సులు చూసే నెపంతో. ఇంటికో రేడియో ఉండేంత కాలం కాదు గానీ, బ్యాటరీ సెట్లు అక్కడక్కడా ఉండేవి. నేను లైను మొదట్లో అడుగుపెట్టగానే చివరింటి దాకా కబురు పాకింది. రేడియోలన్నీ దుప్పట్ల కింద పడుకున్నాయి. ఒక ఇంట్లో దుప్పటి కింద నుంచి వార్తలు వినబడుతూనే ఉన్నాయి.

కంచె పక్క ఇంట్లో ఒక ముసలమ్మ మాత్రం సెట్టు దాచలేదు. లైసెన్సు తెచ్చి నా చేతిలో పెట్టి, "సూడు బావు, సరిగ్గుందా?" అంది. నా మాట వినగానే ముఖం విప్పారింది. "మనోడివేనేటి! ఏ ఊరు మీ తాతోలది?"

విజయనగరం వైపని చెప్పాను. మా తాత చెప్పింది అంతే, నాకు తెలిసింది కూడా అంతే.

"అయితే కూకో. మరి కాసేపట్లో మనోళ్ల పాటలొత్తాయి. ఇని ఎల్లు."

"ఎక్కణ్ణించి వస్తాయి అమ్మమ్మా?"

"గవర్నమెంటోలు ఏత్తన్నారు గదా!" నేను గవర్నమెంటు మనిషినై ఉండి ఈ సంగతి తెలియకపోవడం ఆమెకు వింతగా ఉంది. "వారానికి రెండు దినాలు. ఇన్నాళ్లూ అరవం ఏసినారు, మలయ్ ఏసినారు, మనల్ని ఒక్క నాడు అడిగినోడు నేడు. ఇప్పుడు మెర్డెకా వత్తంది. అందుకే మనల్ని కూడా నెక్కలోకి తీసుకున్నారు."

పక్కింటివాళ్లు గుమ్మంలోంచి తలూపారు. ఆ రెండు సాయంత్రాలూ కంచె పొడుగునా ఉన్న ఇళ్లవాళ్లు వంట తొందరగా ముగించుకుని సెట్లున్న ఇళ్ల గుమ్మాల్లో చేరుతున్నారట. చీకటి పడేలోపు ఎవరింటికి వాళ్లు పోవాలి కాబట్టి, పాట మధ్యలోనే లేచి పోతూ, మిగతాది ఎవరో మర్నాడు చెబితే వింటున్నారట. ఒక పాట చివర ఏమవుతుందో ఇప్పటికీ తేలలేదని ఒకాయన నన్నే అడిగాడు. స్వాతంత్ర్యం రావడానికి ముందే దాని మీద ఇంతమందికి ఇంత గురి కుదరడం నేను వేరే ఎక్కడా చూడలేదు. నాకూ తెలియదని చెప్పి, పాట కోసం కూర్చున్నాను.

పాట మొదలైంది. తోటలో పువ్వులు. ముసలమ్మ కళ్లు మూసుకుంది. యథాప్రకారం ఆ చోటికి రాగానే పూశాయి పూశాయి పూశాయి అని పట్టుకుంది. అప్పుడు లైను చివర నుంచి, రేడియోలోంచి కాదు, మామూలు గాలిలోంచి, ఒక ఆడమనిషి కేక వినబడింది.

"ఓలయ్యా! ఆ సూది ఎత్తయ్యా!"

రేడియోలో పాట ఠక్కున ముందుకు దూకింది.

నేను లేచాను. ఒక దేశపు రేడియో ఒక ఇల్లాలి కేకకు అంత వెంటనే లొంగడం చాలా దేశాల్లో జరగదు. ముసలమ్మ కళ్లు తెరవకుండానే, "ఆ ఇంజిన్ మేనోళ్ల ఇంటికాడ రోజూ ఇదే గోల బావు," అంది.

లైను చివరింట్లో ఉండేది ఎస్టేటు ఇంజిన్ మేన్. సాయంత్రాలు ఎస్టేటు మేనేజరు దొర బంగళాకు, స్టాఫు ఇళ్లకు కరెంటు ఇచ్చే ఇంజిను చూసుకునే మనిషి. ఇంజిను షెడ్డు పక్కనే ఇల్లు కాబట్టి ఆ ఇంటికి కూడా ఒక తీగ వచ్చింది. నేను వెళ్లేసరికి ఆయన ముందు గదిలో గ్రామఫోన్ మీద వంగి ప్లేటు తుడుస్తున్నాడు. పక్కన ఒక చెక్క పెట్టె, అందులోంచి ఒక తీగ కిటికీ బయటికి. వెనక చిన్న పెరడు, పెరటికి అవతల వంటిల్లు. అక్కడ రేడియో ఇదే పాట పాడుతోంది. ఆయన భార్య చేపల కూర కలుపుతూ తొంగి చూసింది.

"పాట ముందు గదిలో ఎడితే ఎనకాల వంటింట్లోకి ఇనబడదు బావు," అన్నాడు, నేను అడగకుండానే. పెట్టె చూపించడంలో ఎంత సంబరమంటే, నేనెవరినో అడగడం మరిచిపోయాడు. "సవుండు పెంచితే పక్కోలు తిడతారు. అందుకే ఇది సేసినాను. పాడైపోన రేడియోల్లో సామాను ఏరుకొని. పాట ఈ గదిలోంచి ఆ గదిలోకి ఎగిరిపోతాది. తీగ నేకండానే!"

"రోజూ వేస్తావా మావా?"

"రోజూ ఏత్తాను. మీ అత్త ఇనాలి గదా."

"వారానికి రెండు రోజులే కాదా?"

"ఎందుకు, మిగతా దినాలు ఆకలెయ్యదేటి మాకు? వంటున్న దినమల్లా పాటుంటాది."

ఇది నాకు అర్థం కాలేదు. రోజూ వేస్తే పోలీసు పోస్టుకు రెండు రోజులే ఎందుకు వినబడుతోంది? అసలు ఇంత చిన్న పెట్టె పోస్టు దాకా ఎలా వెళ్లింది? ఆ ప్రశ్న అక్కడే వదిలి, అసలు సంగతి చెప్పాను. నేనెవరినో, బయట ఎవరున్నారో, దొర ఏమన్నాడో.

ఆయన ప్లేటు మెల్లగా సంచిలో పెట్టాడు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

"నాను అమ్మ సంకలో వచ్చినాను బావు ఈ దేశానికి," అన్నాడు. "ఈ దేశపోడినని కాయితాలకి అర్జీ ఎట్టినాను. ఈ మనిసి ఇక్కడే పుట్టింది, పిల్లలు ఇక్కడే పుట్టినారు. నన్నొక్కణ్ణే ఓడెక్కిత్తే నానెక్కడ దిగాల? నాకా రేవు కూడా తెల్దు."

"కోటు ఎరువు తెచ్చి పోటో కూడా తీయించినాం," అంది భార్య గుమ్మంలోంచి. కొంగుతో చేతులు తుడుచుకుంటోంది, తడి లేకపోయినా. "ఏటి బావు, వంటింట్లో పాట ఇనడం కూడా తప్పేనేటి?"

గ్రామఫోన్ మూత వేసి, రేపు మా ఇన్‌స్పెక్టరు వచ్చి పెట్టె చూస్తాడని చెప్పి బయటికి వచ్చాను.

మర్నాడు ఉదయం మా ఇన్‌స్పెక్టరు, పోలీసు దొర ఇద్దరూ వచ్చారు. దొర ఒక జీపు, ఇద్దరు కానిస్టేబుళ్లతో వచ్చాడు. జీపులో ఒక సీటు ఖాళీగా ఉంచాడు. ఎవరి కోసమో అందరికీ తెలుసు. మా ఇన్‌స్పెక్టరు స్క్రూడ్రైవరు తెచ్చుకున్నాడు.

పెట్టె విప్పి లోపల చూశాడు. ఒకటే వాల్వు, బొటనవేలంత. నాలుగు ముక్కల తీగ. ఇంకా ఏదైనా ఉందేమోనని పెట్టె తలకిందులు చేశాడు. ఒక చచ్చిన బల్లి పడింది.

"తంబీ," అన్నాడు నాతో, "ఇది వంటింటికి చేరడమే గొప్ప. గేటు దాకా ఎలా వెళుతుంది?"

"అదే నాకూ తెలియదు సర్."

"ఎలాగైతేనేం, వెళ్లింది," అన్నాడు దొర. "మా పోస్టులో విన్నాం. చాలదా?"

"చాలదు," అన్నాడు మా ఇన్‌స్పెక్టరు. ఆయనకు ఆ ఇంజిన్ మేన్ మీద జాలి కలిగిందని నేను అనుకోను. తనకు అర్థం కానిదాన్ని అరెస్టు చేయడం ఆయనకు ఇష్టం లేదు, అంతే. "మా శాఖ చూసేది ఒక్కటే. పాట ఈ ఇంటి హద్దు దాటుతుందా లేదా. ఇప్పుడు పాట వేసి, రిసీవరు పట్టుకుని నడుస్తాం. ఆ మందార కంచె ఈ ఇంటి హద్దు. అది దాటాక వినబడితే మనిషి మీవాడు. వినబడకపోతే పెట్టె వాడిది."

పాట వేయడానికి కరెంటు కావాలి. పగలు ఇంజిను ఆగి ఉంటుంది. దాన్ని నడపడం తెలిసినవాడు ఆ ఎస్టేటులో ఒక్కడే. కాబట్టి తన మీద సాక్ష్యం చెప్పడానికి కావలసిన కరెంటు ఆ మనిషే వెళ్లి, షెడ్డులో హ్యాండిలు తిప్పి, నడిపించి వచ్చాడు. చేతులు కడుక్కుని మరీ వచ్చాడు. ప్లేటు ముట్టుకోవాలి గదా.

పాక్‌చిక్ రిసీవరు భుజాన వేసుకున్నాడు. తోటలో పువ్వులు మొదలయ్యాయి. మేం నడిచాం.

మందార కంచె దాటాం. పాట వినబడుతోంది. లైను మధ్యకొచ్చాం. వినబడుతోంది. ముసలమ్మ ఇంటి ముందుకొచ్చాం. ఆమె గుమ్మంలో నిలబడి, పగటిపూట కూడా గవర్నమెంటోలు పాట వేస్తున్నారని మురిసిపోయింది. ఇంజిన్ మేన్ మా వెనకే నడుస్తున్నాడు. ప్రతి అడుగుకూ తన పాట తన మీద చాడీలు చెబుతుంటే వింటూ.

"అయ్యో, ఇంకా ఉంది లా," అన్నాడు పాక్‌చిక్ తన మలయ్ ఊతపదంతో, రిసీవరుదే తప్పన్నట్టు చెవి దగ్గర పెట్టుకుని.

గేటు దగ్గరికొచ్చాం. పాట గేటు దగ్గరా స్పష్టంగా ఉంది. మబ్బు పట్టింది. దొర వాచీ చూసుకున్నాడు. "చాలనుకుంటాను," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఇంజిన్ మేన్ వైపు చూసి, జీపు వైపు చూశాడు. ఇంజిన్ మేన్ చొక్కా బొత్తాం పెట్టుకున్నాడు.

అప్పుడు వాన చినుకు పడింది. ఆ వెంటనే పాట ఆగిపోయింది.

"ప్లేటు అయిపోయిందా?" అన్నాడు మా ఇన్‌స్పెక్టరు.

"కాలేదు సర్," అన్నాను. "ఇంకా సూది ఇరుక్కునే చోటు కూడా రాలేదు."

పాక్‌చిక్ రిసీవరును ఒక దెబ్బ వేశాడు. గుర్రుమంది, పాట లేదు. మేం నలుగురం మొహాలు చూసుకుని వెనక్కి పరిగెత్తాం. కేసు పోతుందని దొర, లెక్క తేలుతుందని ఇన్‌స్పెక్టరు, పాక్‌చిక్ వానకు. నేనెందుకు పరిగెత్తానో నాకు తెలియదు. లైనంతా నిశ్శబ్దం. మందార కంచె దాటి లోపలికి కాలు పెట్టగానే, రిసీవరులో తోట మళ్లీ పూసింది.

ఇంటి పక్కన భార్య బట్టలు తీస్తోంది. తడవకుండా అన్నీ భుజం మీద వేసుకుని, బట్టల తీగను కూడా కొక్కెంతో సహా విప్పి చుట్ట చుడుతోంది.

"ఆగమ్మా!" అని అరిచాడు మా ఇన్‌స్పెక్టరు. ఆమె తమిళం తెలిసిన మనిషే, కానీ అంత తమిళం ఒక్కసారిగా మీద పడేసరికి బట్టలన్నీ బురదలో వదిలేసింది. "ఆ తీగ ఎక్కడ కట్టావు?"

అప్పుడు తెలిసింది ఆ లైన్ల పద్ధతి. కంచె వేశాక లైన్ల మధ్య బట్టలు ఆరేసే చోటు లేకుండా పోయింది. అందుకని ఆడవాళ్లు వంతులు పెట్టుకున్నారు. ఎవరి వంతు రోజున వాళ్లు పని నుంచి వచ్చి సాయంత్రం ఉతికి, ఇంటి మేకు నుంచి ముళ్ల కంచె దాకా తీగ కట్టి, మర్నాటి దాకా ఆరేసుకుంటారు. తరవాత తీగ విప్పి పక్కింటికి ఇస్తారు. ఈమె వంతు వారానికి రెండు రోజులు. ఈమె తీగ కట్టే మేకు కిటికీ పక్కన ఉంది. పెట్టెలోంచి వచ్చే ఏరియల్ తీగ చుట్టిందీ ఆ మేకుకే.

మా ఇన్‌స్పెక్టరు తీగ తీసుకుని తనే మేకుకు తగిలించి, రెండో కొస కంచెకు తగిలించాడు. పాక్‌చిక్‌ను గేటు దాకా పంపాడు. పాక్‌చిక్ దూరం నుంచి చెయ్యి ఊపాడు, వినబడుతోందని. కొక్కెం తీశాడు. చెయ్యి దిగిపోయింది. మళ్లీ తగిలించాడు. మళ్లీ లేచింది. వానలో నిలబడి ఎన్నిసార్లు చేశాడో. అవసరం ఎప్పుడో తీరిపోయింది. ఆ మనిషి డ్యూటీలో నవ్వడం నేను మొదటిసారి చూశాను.

ఎస్టేటు చుట్టూ ఉన్న ముళ్ల తీగంతా పాడుతోందన్నమాట. అందుకే మా వ్యాన్ ఎక్కడ ఆగితే అక్కడి కంచె ఎదురొచ్చి పాడింది. వీపున గ్రామఫోన్ మోసే వాడెవడూ లేడు.

"పెట్టె పాట మందార కంచె దాటలేదు," అన్నాడు మా ఇన్‌స్పెక్టరు. "దాటించింది ప్రభుత్వం వారి కంచె. పెట్టె ఉంచుకోవచ్చు. ఏరియల్ ఇంట్లోనే చుట్టిపెట్టుకోవాలి."

దొర ఊరుకోలేదు. న్యాయంగా చూస్తే ఊరుకోకూడదు కూడా. "భద్రతా కంచెకు తీగ కట్టడం ఇంకో నేరం," అన్నాడు. "దానికైనా ఈ మనిషి రావాలి."

"వస్తాడు సర్," అన్నాను. "కాకపోతే జీపు చాలదు. ఈ లైనులో ఆడవాళ్లందరూ రావాలి." ఆగి, గేటు వైపు చూపించాను. "ఆ నిక్కర్లు ఎవరివో వాళ్లు కూడా."

పోలీసు పోస్టు వెనక, అదే కంచె మీద, ఖాకీ నిక్కర్లు వరసగా వానకు తడుస్తున్నాయి. జీపు దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ ఒకడు వాటి వైపు చూసి, తీయడానికి పోవాలో నిలబడాలో తేల్చుకోలేక, అటెన్షన్‌లో నిలబడ్డాడు.

దొర నోట్‌బుక్ జేబులో పెట్టుకుని, "నిక్కర్లు తీసుకో," అన్నాడు కానిస్టేబుల్‌తో. జీపులో ఆ ఖాళీ సీటు మీద తడి నిక్కర్లు కూర్చుని వెళ్లాయి.

ఇంజిన్ మేన్ చొక్కా బొత్తాం విప్పుకున్నాడు. ఆయన భార్య బురదలో బట్టలు ఏరుకుంటూ, "అన్నీ మల్లీ ఉతకాల," అంది. ఆమె ఏడుస్తోందో, వానో, నేను దగ్గరికెళ్లి చూడలేదు.

ఇంతటితో నా వృత్తిధర్మం అయిపోయింది. కానీ వెళ్లేముందు ఒక మాట చెప్పకుండా ఉండలేకపోయాను. మీ పాటలు లైనంతా వింటున్నారు మావా, గవర్నమెంటు వేస్తోందనుకుని, మెర్డెకా వస్తోందని వేస్తున్నారనుకుని.

"మా పాటలా?" అన్నాడు. "ఆళ్లందరూనా?" కంచె వైపు ఒకసారి, మేకు వైపు ఒకసారి చూశాడు. "అరిగిపోన ప్లేట్లు గదా బావు అయ్యి."

తరవాతి నెలల్లో లైసెన్సుల పని మీద మళ్లీ వెళితే ముసలమ్మ నన్ను పట్టుకుంది. "ఆపేసినారు బావు! నాలుగు నాళ్లు ఏసి ఆపేసినారు. మెర్డెకా రాకముందే ఇలాగైతే, వచ్చాక ఏటి సేత్తారో! నువ్వు పెద్దోలకి సెప్పు." సరే చెబుతానన్నాను. పెద్దవాళ్లెవరో నాకే తెలియదు. ఇంజిన్ మేన్ ఇంటికి వెళితే ఆయన గోడకు తగిలించిన కాగితం చూపించాడు. పౌరసత్వం వచ్చింది. ఎరువు కోటులో ఉన్న ఫోటో ఎవరో మంత్రిది అనిపించేలా ఉంది. ఏరియల్ బుద్ధిగా గదిలో చుట్టి ఉంది. పాట వంటిల్లు దాటడం లేదు. చట్టం నూటికి నూరు పాళ్లు అమలవుతోంది. ముసలమ్మ గొడవ చెబితే భార్యాభర్తలిద్దరూ నేల చూపులు చూశారు, ఎవరికో అన్నం పెట్టకుండా తాము తిన్నట్టు.

తెల్లవారితే మెర్డెకా అనగా, మర్నాడు మైదానంలో జనం వినడానికి లౌడ్‌స్పీకర్లు సరిచూసి మేం ముగ్గురం వ్యాన్‌లో తిరిగి వస్తున్నాం. పొద్దు వాలుతోంది. దారి ఆ ఎస్టేటు పక్క నుంచే. ఆ రోజు వంతులు లేవు కాబోలు; పండగ బట్టలు కావాలి గదా. కంచె పొడుగునా పంచెలు, చీరలు, పిల్లల చొక్కాలు. ముళ్ల తీగ ఎక్కడా కనబడటం లేదు.

మా ఇన్‌స్పెక్టరు అలవాటుగా రిసీవరు పెట్టాడు. తోటలో పువ్వులు పూశాయి.

పాక్‌చిక్ నన్ను అద్దంలోంచి చూశాడు. నేను కిటికీలోంచి కొబ్బరి చెట్లను పరీక్షించాను. గుమ్మాల్లో జనం కూర్చుని ఉన్నారు. ముసలమ్మ సెట్టు చుట్టూ అందరికంటే ఎక్కువ మంది. చీకటి పడబోతున్నా ఎవరూ లేవడం లేదు.

"తంబీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు, "అదేమిటి?"

"ఉతికిన బట్టలు సర్."

ఆయన ఆ బట్టల వైపు చూశాడు. "ఆరాలి గదా," అన్నాడు. రిసీవరు ఆపేశాడు. ఆపేశాక ప్రభుత్వ వైర్‌లెస్ శాఖకు ఆ ప్రాంతంలో ఏ పాటా వినబడటం లేదు. ఉక్కగా ఉందని కిటికీ అద్దం దించాడు.

ఊరంతా ఒక్కసారి చెవిన పడింది. సెట్లున్న గుమ్మాలన్నిటి నుంచి ఒకే పాట, ఒకే చోట ఇరుక్కుని, పూశాయి పూశాయి పూశాయి అంటోంది. లైను చివర నుంచి కేక వినబడింది.

"ఓలయ్యా! ఆ సూది ఎత్తయ్యా! అందరూ ఇంటన్నారు!"

పాక్‌చిక్ బండి వేగం తగ్గించాడు. ఇన్‌స్పెక్టరు అద్దం మిగతాది కూడా దించాడు. కేకలకు లైసెన్సు అక్కర్లేదు.